జనరల్‌గారికి ఎదురు మాట

పోయిన మంగళవారం పొద్దున్న డార్మ్‌స్టాట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళే రైల్లో నిలబడి, ఒక చేత్తో కాఫీ కప్పు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఉండగా, మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ కనిపించింది. "బీ-వన్ స్పీకింగ్‌కి పార్టనర్ కావాలి, అర్జెంట్. కొంచెం సాఫ్ట్‌గా మాట్లాడేవాళ్ళు అయితే బెటర్." దాని పైన ఒకాయన కారు పెట్టుకోవడానికి చోటు అద్దెకి అడుగుతున్నాడు. కింద ఒకావిడ గోంగూర ఏ కొట్లో దొరుకుతుందని అడుగుతోంది. మధ్యలో ఈ అమ్మాయి. బీ-వన్ అంటే జర్మన్ భాషా పరిజ్ఞానంలో మధ్యతరగతి. అంతకంటే కింద ఉన్నవాణ్ణి ఈ దేశం అతిథిగా చూసి నవ్వుతుంది, అంతకంటే పైన ఉన్నవాడి తప్పులు దిద్దుతుంది. పౌరసత్వం కావాలన్నా, శాశ్వత నివాసం తొందరగా రావాలన్నా ఆ పరీక్ష గట్టెక్కాలి. అందులో మాట్లాడే భాగం ఇద్దరిద్దరిని కలిపి పెడతారు. నేను "సాఫ్ట్‌గా మాట్లాడేవాళ్ళు వద్దమ్మా, నీతో గొడవ పడేవాళ్ళని చూసుకో" అని టైపు చేసి, ఒకసారి చదువుకుని, చెరిపేశాను. వివరణ లేకుండా ఇవ్వదగ్గ సలహా కాదది. వివరణ ఇవ్వాలంటే బ్రిటిష్ సైన్యంలో జనరల్‌గా పనిచేసిన ఒక పెద్దమనిషి జీవితచరిత్ర మొత్తం చెప్పాలి. గోంగూర అడిగిన చోట అది బాగుండదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

బెర్లిన్ వెళ్ళినప్పుడు నాకు ఇరవై ఏడు. ఉద్యోగం ఉంది, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా ఉంది, ఇల్లు లేదు. ఇల్లు చూపిస్తామంటే వెళ్ళేవాణ్ణి. మెట్ల మీద నలభైమంది వరసలో ఉండేవాళ్ళు, అందులో ఆరుగురు మా ఆఫీసువాళ్ళే. పైగా ఊరికే తలదాచుకునే గది దొరికితే చాలదు, అన్‌మెల్డుంగ్ కూడా చేయించాలి. అంటే ఫలానావాడు ఫలానా ఇంట్లో ఉంటున్నాడని సర్కారు ఆఫీసులో నమోదు. అది లేనిదే మిగతా కాగితాలేవీ కదలవు. అప్పుడు మా టీములో ఉన్న హైదరాబాదు మిత్రుడు, నాకంటే రెండేళ్ళు ముందు వచ్చాడు కాబట్టి సర్వజ్ఞుడు, ఒక కబురు తెచ్చాడు. "స్పాండౌల ఒక ముసలాయన పైరూము ఇస్తున్నడంట భాయ్. అన్‌మెల్డుంగ్ కూడ చేయిస్తడంట. కానీ ఇంటర్వ్యూ గట్టిగుంటదంట, జర సంభాల్కే." స్పాండౌ అంటే బెర్లిన్‌లో పడమటి చివర పేట.

ఇంటర్వ్యూ నిజంగానే గట్టిగా జరిగింది. ఆరడుగుల మనిషి, ఎనభై ఒకటేళ్ళు, మోచేతుల దగ్గర తోలుముక్కలు కుట్టిన స్వెట్టరు. నన్ను కూర్చోమనలేదు. "బూట్లు నువ్వే పాలిష్ చేసుకుంటావా?" అని అడిగారు, ఇంగ్లీషులో. నావి పాలిష్ చేసే రకం కావు, బట్టబూట్లు. అయినా "అవును సర్" అన్నాను. "పొద్దున్న ఆరింటికి లేస్తావా?" ఆ వయసులో నేను ఆరింటికి లేచిన సందర్భాలు విమానాలకి సంబంధించినవి మాత్రమే. "అవును సర్." పెద్దవాళ్ళు ఏమడిగినా అవుననడం నాకు మర్యాద కూడా కాదు, ఊపిరి పీల్చడం లాంటిది. మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పిన చివరి మనిషి మా మేనత్త అని చెప్పుకుంటారు. ఆవిడ కూడా కాఫీలో పంచదార ఎక్కువైందని మాత్రమే అంది. మొత్తానికి గది నాకే వచ్చింది. ఆయన రిటైరైన బ్రిటిష్ మేజర్ జనరల్ అని సంతకం పెట్టేటప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం తెనాలి ఫోన్ చేశాను. మా బాబాయి ఎత్తాడు.

"ఎవరింట్లో దిగావురా?"

"బ్రిటిష్ జనరల్ ఒకాయన ఇంట్లో బాబాయ్."

"ఒరేయ్, వాళ్ళని సాగనంపడానికి మనవాళ్ళు అన్ని పాట్లు పడితే, నువ్వు జర్మనీ దాకా వెళ్ళి, వెతుక్కుని మరీ వాళ్ళింట్లో చేరావా?"

"అన్‌మెల్డుంగ్ ఇస్తున్నాడు బాబాయ్."

"అదేంటి?"

చెప్పాను. "ఆధార్ లాంటిదా? అయితే ఉండు. జాగ్రత్తగా ఉండు" అన్నాడు. రెండు వందల ఏళ్ళ చరిత్ర ఒక అడ్రసు ప్రూఫు దగ్గర అలా సర్దుకుపోయింది.

జనరల్‌గారి జీవితచరిత్ర నాకు పొద్దున్న ఏడు గంటల టిఫిను దగ్గర ముక్కలు ముక్కలుగా, వరస తప్పి అందింది. ఇంగ్లండు ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో రైల్వే సిగ్నల్‌మన్ కొడుకు. పద్దెనిమిదేళ్ళప్పుడు సైన్యంలో చేరడానికి కారణం దేశభక్తి అని పుస్తకాల్లో రాస్తారు. ఆయన మాత్రం బయట వాన పడుతోంది, రిక్రూట్‌మెంట్ ఆఫీసులో హీటరు ఉంది అని చెప్పేవారు. ట్యాంకుల దళంలో లెఫ్టినెంటుగా పశ్చిమ జర్మనీకి రెండేళ్ళకని వచ్చి, మధ్యలో రెండు మూడు ఎడారులు చూసినా, మళ్ళీ మళ్ళీ ఇక్కడికే తిరిగి వచ్చారు. పని ఏమిటంటే తూర్పునుంచి శత్రువు వస్తాడు, వస్తే ఆపాలి. లెఫ్టినెంటుగా ఉన్నప్పుడు ఒక వంతెన కాపాడాలన్నారట. ఆ వంతెనని ఆయన మంచులో, వానలో, పొగమంచులో, ఎండలో ఎన్నిసార్లు కాపాడారో లెక్కలేదు. మేజరయ్యాక ఒక నది ఇచ్చారు. కర్నలయ్యాక రెండు నదులూ ఒక అడివీ. జనరల్ అయ్యాక ఉత్తర జర్మనీలో మంచి భాగమూ, కొన్నాళ్ళు బెర్లిన్‌లో బ్రిటిష్‌వాళ్ళ వాటా అయిన స్పాండౌ వైపూ ఆయన చేతికింద ఉండేవి. శత్రువు రాలేదు. ఒకరోజు టీవీలో చూస్తుండగా బెర్లిన్ గోడ పడిపోయింది. ఆ వారం సైనిక విన్యాసాలకని వేసిన గుడారాలు అలాగే విప్పి సర్దేశారట.

మా కంపెనీల భాషలో దీన్ని బెంచ్ మీద ఉండటం అంటారు. జీతం వస్తుంది, ప్రాజెక్టు రాదు. నేను రెండు నెలలు బెంచ్ మీద ఉంటేనే మేనేజరు నా వంక జాలిగా చూసేవాడు. ఈయన ముప్పై ఏళ్ళు ఉండి జనరల్ అయ్యారు. ఈ సంగతి కొంచెం మర్యాదగా మార్చి చెబితే ఆయన టోస్టు మీద వెన్న రాస్తూ, "రాలేదు కదా, యంగ్ మ్యాన్. నా పని అదే" అన్నారు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూడా దొంగలు రాని ప్రతి ఏడూ ఇదే మాట చెప్పి జీతం పెంచమనేవాడు. కానీ ఆయన వెన్న రాసే తీరులో ఒక తృప్తి ఉంది, వాచ్‌మన్‌లో ఎప్పుడూ చూడలేదు. "అవును సర్" అన్నాను.

ఆయన పెళ్ళి కూడా ఆ ట్యాంకులవల్లే జరిగింది. మొదటి ఏడే విన్యాసాల్లో ఆయన ట్యాంకు ఒక రైతు కొట్టం గోడని కూల్చి, వెనక్కి తిప్పుతూ కూలని గోడని కూడా కూల్చింది. క్షమాపణ చెప్పి రమ్మని పై అధికారి పంపాడు. రైతు పది నిమిషాలపాటు ఊపిరి తీసుకోకుండా తిట్టాడట. పక్కన ఇంగ్లీషు వచ్చిన కూతురు నిలబడి అంతా విని, "మా నాన్న సంతోషంగా లేరు" అని అనువాదం చేసింది. అక్కణ్ణుంచి యాభై ఆరేళ్ళు ఆవిడ ఆయనకి ఈ దేశాన్ని అలాగే, ముళ్ళు తీసి, అనువదించి పెట్టింది. డాక్టరు దగ్గర ఆవిడే మాట్లాడేది. ఆఫీసుల్లో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఆవిడే తీసుకునేది, ఆయన్ని పక్కన కూర్చోబెట్టి జవాబులు కూడా ఆవిడే చెప్పేది. కంటోన్మెంటులో కొట్టు ఇంగ్లీషు, బడి ఇంగ్లీషు, సినిమా ఇంగ్లీషు, క్రికెట్టు సంగతి చెప్పక్కర్లేదు. రిటైరయ్యాక ఆవిడ పిన్ని వదిలివెళ్ళిన ఈ స్పాండౌ ఇంటికి వచ్చి స్థిరపడ్డారు. అంటే ఆయన జర్మనీలో అర్ధ శతాబ్దం ఉండి, నేను వచ్చేనాటికి జర్మన్‌లో చెప్పగలిగినవి: నమస్కారం, క్షమించండి, నాలుగు రకాల బీర్ల పేర్లు.

ఇది విని నవ్వబోయి ఆగాను. నా సంగతి చూసుకుంటే ఆఫీసులో ఇంగ్లీషు, వారాంతాల్లో తెలుగు, మధ్యలో తిట్లకి హిందీ. కూరగాయల కొట్లో వేలు చూపిస్తే పని అయిపోయేది. మేము కట్టుకున్న కంటోన్మెంటుకి కంచె లేదు, అంతే తేడా.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. అంతకుముందు బ్రిటన్ యూరోపు కూటమి నుంచి తప్పుకున్నప్పుడు ఆయనకి స్థానిక ఎన్నికల్లో ఉన్న ఓటు పోయింది. ఎప్పుడూ ఇద్దరూ కలిసి వీధి చివర బడికి వెళ్ళి ఓటేసి, వచ్చేటప్పుడు కేకు తినడం అలవాటు. ఆ ఏడు ఆవిడ కర్ర పట్టుకుని ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఈయన బయట గేటు దగ్గర ఆవిడ చేతిసంచీ పట్టుకుని నిలబడ్డారు. "ఇరవై నిమిషాలు. ఆ బడి చుట్టుపక్కల నేలంతా ఒకప్పుడు నా చేతికింద ఉండేది" అన్నారు నాతో. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారలేదు కానీ, ఆ రోజు టోస్టు మాడిపోయింది. మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి లోపలికి వెళ్ళాలని ఆయన పంతం. లోపలికి వెళ్ళాలంటే జర్మన్ పౌరసత్వం కావాలి. పౌరసత్వానికి బీ-వన్ కావాలి. అప్లికేషను తీసుకున్న ఆఫీసులో ఉద్యోగిని మంచావిడ. వయసు చూసి, డాక్టరుగారి దగ్గర ఒక చీటీ తెస్తే పరీక్ష మినహాయించే దారి ఉందని చెప్పింది. డాక్టరు కూడా చెవి సరిగా వినపడదని రాసిస్తానన్నాడు. జనరల్‌గారు ఒప్పుకోలేదు. "కాలు నొప్పని చీటీ తెచ్చిన ప్రతి సోల్జర్నీ కవాతుకి పంపాను. ఇప్పుడు నేను చెవి నొప్పని చీటీ తేనా?" అన్నారు. మళ్ళీ తనే, "అందులో ఒకడికి నిజంగానే కాలు విరిగింది" అని కూడా అన్నారు.

నాకూ బీ-వన్ కావాలి కాబట్టి, వారానికి మూడు సాయంత్రాలు ఇద్దరం ఒకే బస్సెక్కి మునిసిపాలిటీవాళ్ళు నడిపే భాషాతరగతికి వెళ్ళేవాళ్ళం. తరగతిలో సిరియా దంతవైద్యుడు, బ్రెజిల్ నాట్యగత్తె, మేము. టీచరమ్మ సన్నగా, పొట్టిగా ఉండేది; జనరల్‌గారు హోంవర్కు తేకపోతే ఆవిడ చూసే చూపుకి ఆయన లేచి నిలబడేవారు. చదవడం రాయడం ఇద్దరికీ త్వరగానే పట్టుబడ్డాయి. ఆయనది క్రమశిక్షణ, నాది బట్టీ. పదాలన్నీ చీటీల మీద రాసి వంటింట్లో ఫ్రిజ్జుకి, కెటిలుకి, తలుపుకి అతికించారు. ఒక వారం నా స్వెట్టరు మీద కూడా చీటీ ఉంది, చూసుకోకుండా ఆఫీసుకి వెళ్ళాను.

మాట్లాడే పరీక్షలో చివరి భాగం "కలిసి ప్లాన్ చేయడం." ఒక కాగితం ఇస్తారు, దాని మీద ఒక సందర్భం ఉంటుంది, ఇద్దరూ మాట్లాడుకుని ఒక నిర్ణయానికి రావాలి. జనరల్‌గారికి ఇది చూసి నవ్వొచ్చింది. పదివేలమందిని ఆరువందల ట్యాంకులతో నది దాటించే ప్లాన్లు వేసిన మనిషి. మాకు వచ్చిన సందర్భం: మీ తరగతిలో ఒకావిడ ఆసుపత్రిలో ఉంది, చూడటానికి ఎలా వెళ్తారు?

"శనివారం. పది గంటలు. బస్సు. నువ్వు పూలు" అన్నారు జనరల్‌గారు.

"అవును. మంచిది" అన్నాను.

"తిరుగు బస్సు పదకొండున్నర."

"అవును. చాలా మంచిది."

నలభై సెకన్లు అయింది. పరీక్షకులు ఇద్దరు: కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, పెన్ను తిప్పుతూ ఒకాయన. ఆవిడ నా వంక చూసి, "మీకు వేరే అభిప్రాయం ఏమైనా ఉందా?" అని ఆశగా అడిగింది. "లేదు" అన్నాను. జనరల్‌గారి వైపు తిరిగి, "మీరు ఈయన్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా?" అంది. ఆయన నన్ను, స్టెపినీ టైరుని చూసినట్టు ఒకసారి చూసి, "లేదు" అన్నారు. మిగిలిన సమయమంతా నలుగురం గోడగడియారం చూస్తూ కూర్చున్నాం. బయటికొచ్చాక ఆయన నా భుజం తట్టి, "నా సర్వీసులో ఇంత బాగా జరిగిన మీటింగు లేదు" అన్నారు.

ఆరు వారాలకి ఫలితాలొచ్చాయి. రాతలో ఇద్దరం పాస్, మాటలో ఇద్దరం ఫెయిల్. టీచరమ్మ మా ఇద్దరినీ తరగతి అయ్యాక ఆపి, తప్పు చేసిన పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "ఇది ప్లాన్ వేసే పరీక్ష కాదు. మాట్లాడుకునే పరీక్ష. మీరేమో అడగరు. ఇతనేమో కాదనడు. ఇలా అయితే ఎన్నిసార్లు రాసినా ఇంతే." ఆ పౌరసత్వం ఆఫీసు ఉద్యోగిని మళ్ళీ ఫోన్ చేసి చీటీ సంగతి గుర్తుచేసింది. జనరల్‌గారు ఫోన్ పెట్టేసి, గళ్ళకాగితాలు, ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు తెచ్చి వంటింటి బల్ల మీద పరిచారు.

రెండు రోజుల్లో యుద్ధవ్యూహం తయారైంది. పరీక్షలో రాగల సందర్భాలు పదకొండు అని ఆయన నిఘావర్గాల సమాచారం. నిఘావర్గం అంటే నాట్యగత్తె. పుట్టినరోజు, వీడ్కోలు, విహారయాత్ర, ఇల్లు మారడం, ఇలా. ఒక్కోదానికి ఒక కాగితం. నీలం రంగువి ఆయన వాక్యాలు, ఎరుపువి నావి. "ప్రతిదాంట్లో మూడో వాక్యం దగ్గర నువ్వు నన్ను కాదనాలి. అయిదో వాక్యం దగ్గర నేను నిన్ను అభిప్రాయం అడుగుతాను. ఇది ఆజ్ఞ" అన్నారు.

"అవును సర్" అన్నాను.

నేను ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో ఉండి చదివినవాణ్ణి. పదకొండు కాగితాలు నాకు ఒక ఆదివారం పని. పొద్దున్న టిఫిను దగ్గర ఆయన "ఏడు!" అనేవారు, నేను విహారయాత్రకి కొండలు వద్దు, సముద్రం బాగుంటుందని ఎదురు తిరిగేవాణ్ణి. ఒకరోజు మా హైదరాబాదు మిత్రుడు బిర్యానీ తెచ్చి, తింటూ ఈ రిహార్సల్ చూశాడు. జనరల్‌గారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే నా చెవిలో, "అరే, ఇది కాదనుడా భాయ్? నువ్వు కాదు అంటుంటే కూడ జీ హుజూర్ అన్నట్టే ఇనిపిస్తుంది. లోపలికెల్లి రావాలె" అన్నాడు. లోపల ఏముందో నాకు మాత్రం తెలుసా?

నిజానికి లోపల ఒకటి ఉంది. జనవరిలో నాకు డార్మ్‌స్టాట్‌లో ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్ మొదటికల్లా చేరాలి. ఆ మాట ఆయనకి చెప్పాలని రోజూ మెట్లు దిగేటప్పుడు అనుకునేవాణ్ణి. రోజూ చివరి మెట్టు దగ్గర ఆయన ఏదో ఒకటి అనేవారు. "వసంతం రాగానే నీ గది కిటికీకి ఆకుపచ్చ రంగు వేయిస్తున్నాను" అన్నారొకరోజు. ఆకుపచ్చ అంటే ట్యాంకు ఆకుపచ్చ. "చాలా బాగుంటుంది సర్" అన్నాను. అలా ఫిబ్రవరి సగం గడిచి, రెండోసారి పరీక్ష రోజు వచ్చింది.

ఆ రోజు ఆయన టై కట్టుకున్నారు. హాల్లో అదే కళ్ళజోడావిడ, అదే పెన్ను తిప్పే ఆయన. మొదటి రెండు భాగాలు సాఫీగా జరిగాయి. మూడో కాగితం తిప్పాం. పన్నెండో సందర్భం. నిఘావర్గాలకి అందనిది.

"మీ పక్కింటి ముసలాయన భార్య చనిపోయి ఒంటరిగా ఉంటున్నాడు. ఆయనకి ఎలా సాయం చేయవచ్చో కలిసి ప్లాన్ చేయండి."

జనరల్‌గారు కాగితం రెండుసార్లు చదివారు. చదివి బల్ల మీద బోర్లా పెట్టారు. మా జర్మన్‌ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ఆ తర్వాత జరిగింది ఇదీ.

"ముసలాయన బాగున్నాడు. సాయం వద్దు" అన్నారాయన. ప్లాన్ అయిపోయింది. మూడు సెకన్లు, మా పాత రికార్డు పోయింది.

"అవు..." అని సగం మాట నా నోట్లోంచి వచ్చేసింది కూడా. మిగతా సగం, ఎందుకో ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి, రాలేదు. "లేదు" అన్నాను. "అది నిజం కాదు. ముసలాయన బాగోలేడు."

"ఎవరు చెప్పారు?"

"నేను. నేను చూస్తాను రోజూ. సోమవారం డబ్బా సూపు. మంగళవారం డబ్బా సూపు. ఆదివారం కూడా."

"ఆయనకి సూపు ఇష్టం."

"లేదు. ఆయనకి ఇష్టం కాదు. ఒక్కడే వండటం ఇష్టం కాదు. ఇంకా ఒకటి. పక్కింటావిడ ఒక గిన్నె వంటింట్లో ఉంది. భార్య పోయినప్పుడు ఆవిడ తెచ్చింది. రెండేళ్ళు. ఆయన తిరిగి ఇవ్వలేదు."

కళ్ళజోడావిడ గబగబా రాస్తోంది. జనరల్‌గారు టై సర్దుకున్నారు. "ఏం చెప్పి ఇవ్వాలో ఆయనకి తెలియదు" అన్నారు. తర్వాత, మళ్ళీ వంతెన దొరికిన లెఫ్టినెంటులాగా, "మంచిది. ముసలాయన ఇంట్లో పైన ఒక కుర్రాడు ఉన్నాడు. వాడు సాయం చేస్తాడు. ఉత్తరాలు చదువుతాడు. ప్లాన్ తయారు" అన్నారు.

"లేదు."

"మళ్ళీ ఎందుకు లేదు?"

"కుర్రాడు ఏప్రిల్‌లో వెళ్ళిపోతాడు. డార్మ్‌స్టాట్. కొత్త ఉద్యోగం."

పెన్ను తిప్పే ఆయన పెన్ను ఆగింది. జనరల్‌గారు నన్ను చూశారు. ఈసారి స్టెపినీ టైరుని చూసినట్టు కాదు.

"వాడికి ఎప్పటినుంచి తెలుసు?"

"జనవరి."

"ఎందుకు చెప్పలేదు?"

"వాడికి..." నాకు పదం దొరకలేదు. తెలుగులో కూడా దొరకలేదు, జర్మన్‌ని అని ఏం లాభం? "వాడికి కాదు అని చెప్పడం రాదు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. బయట చూడదగ్గది ఏమీ లేదు, సైకిళ్ళ స్టాండు. పరీక్ష పోయింది, గది పోయింది, ఈయన కూడా పోయాడు, ఒక్క దెబ్బకి మూడు అనుకున్నాను. అప్పుడు జనరల్‌గారు నావైపు తిరిగి, ఏ ఎర్ర పెన్సిలూ నీలం పెన్సిలూ లేకుండా, అడిగారు.

"నువ్వు ఏమంటావు? ముసలాయన ఏం చేయాలి?"

"గిన్నె తిరిగి ఇవ్వాలి" అన్నాను. "ఖాళీ గిన్నె కాదు. మా దేశంలో ఖాళీ గిన్నె ఇవ్వరు. లోపల ఏదో ఒకటి పెట్టాలి."

"ఇది మీ దేశం కాదు. ఇది జర్మనీ."

"అవును. అయినా."

"ఆపిల్ కేకు?"

"ముసలాయనకి చేయడం రాదు."

"కుర్రాడికి?"

"కుర్రాడికి పులిహోర ఒక్కటే వచ్చు."

"అది ఏమిటి?"

"పసుపు అన్నం. పుల్లగా ఉంటుంది."

"ఆవిడకి నచ్చకపోతే?"

"నచ్చకపోతే ఆవిడ చెబుతుంది. అప్పుడు మాట్లాడుకోవచ్చు కదా!"

"సమయం అయిపోయింది" అంది కళ్ళజోడావిడ. "ఒక్క నిమిషం!" అన్నాం ఇద్దరం ఒకేసారి. జనరల్‌గారు ఆవిడ వైపు చేయి చాపి, "దయచేసి. రోజు ఏదో ఇంకా తేలలేదు" అని బతిమాలారు. ఆదివారం, నాలుగు గంటలకి అని తేలాకే లేచాం. తలుపు దగ్గర పెన్ను తిప్పే ఆయన నవ్వి, "చాలా సహజంగా చేశారు, నటనలో శిక్షణ ఏమైనా ఉందా?" అని అడిగాడు. జనరల్‌గారు చాలా హుందాగా తల ఊపి వదిలేశారు.

బస్సులో అయిదో స్టాపు దగ్గర ఆయన ఇంగ్లీషులో, "ఏప్రిల్ ఎన్నో తారీఖు?" అన్నారు.

"ఒకటో తారీఖు సర్."

"అయితే కిటికీకి ఆకుపచ్చ వద్దా?"

"అసలు బాగుండదు సర్."

"మొదట్లోనే చెప్పొచ్చు కదా" అన్నారు. అంతే. నేను అంతకంటే పెద్ద సన్నివేశానికి సిద్ధపడి ఉన్నాను, కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు కూడా వెతుక్కున్నాను. రుమాలు లేదు, మంచిదే అయింది.

ఆదివారం నాలుగింటికి ఆయన మళ్ళీ టై కట్టుకుని, ఎనామిల్ గిన్నెలో పులిహోర పట్టుకుని కంచె దాటి వెళ్ళారు. ఆ అవతల ఉండేది ఆయన భార్యకి ముప్పై ఏళ్ళుగా స్నేహితురాలు, ఈయనకి ముప్పై ఏళ్ళుగా ఒక "నమస్కారం." నేను పై కిటికీలోంచి చూస్తున్నాను. తలుపు తెరుచుకుంది, ఆయన ఏదో అన్నారు, ఆవిడ గిన్నెలోకి చూసింది, తలుపు మూసుకుంది, ఆయన లోపలే ఉన్నారు. గంటా పది నిమిషాలకి తిరిగొచ్చారు. ఏం మాట్లాడారు సర్ అంటే, "ఆవిడే మాట్లాడింది. నేను మూడుసార్లు అడిగాను" అన్నారు. ఏమడిగారు అంటే, "'అలాగా?' అని." పులిహోరలో ఆవిడ జీడిపప్పు ఏరుకుని తిని, ఎండుమిరపకాయలు జాగ్రత్తగా పక్కకి పెట్టి, గిన్నె నిండా బంగాళదుంపల సలాడు పెట్టి పంపింది. ఈ దేశంలో కూడా ఖాళీ గిన్నె ఇవ్వరని ఆ రోజు ఇద్దరికీ తెలిసింది.

పరీక్ష ఇద్దరం పాసయ్యాం. కలిసి ప్లాన్ చేయడంలో మా ఇద్దరికీ పూర్తి మార్కులు. నేను ఏప్రిల్ ఒకటిన రెండు సూట్‌కేసులతో డార్మ్‌స్టాట్ వచ్చేశాను. స్టేషనుకి ఆయన వచ్చారు, పక్కింటావిడ కూడా వచ్చింది. ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడాలన్న దాని మీద వాళ్ళిద్దరూ జర్మన్‌లో వాదించుకుంటూండగా రైలు వేరే ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ముగ్గురం పరిగెత్తాం. వీడ్కోలు మాటలకి సమయం లేకుండా పోయినందుకు నేను జర్మన్ రైల్వేకి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఏడాదిన్నరకి ఆయనకి పౌరసత్వం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల ఆదివారం మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు. బడి లోపలికి వెళ్ళాను, ఓటేశాను అన్నారు. ఎలా అనిపించింది సర్ అని, గొంతులో కొంచెం గాంభీర్యం తెచ్చుకుని అడిగాను. "పెన్సిలు మొద్దుగా ఉంది" అన్నారు. తర్వాత, "ఆ ఏడు గేటు దగ్గరికొచ్చి ఆవిడ ఇదే చెప్పింది. నన్ను ఊరడించడానికి చెప్పిన అబద్ధమనుకున్నాను" అన్నారు.

ఇలాంటి కథనాల్లో ఈపాటికి ఆ పెద్దమనిషి పోయి ఉంటాడు, రాసేవాడు కిటికీ దగ్గర నిలబడి వానని చూస్తూ ఉంటాడు. అలాంటిదేమీ లేదు. ఆయనకిప్పుడు ఎనభై అయిదు. ఆదివారాలు ఫోన్ చేస్తారు. ఇద్దరం జర్మన్‌లోనే మాట్లాడుకుంటాం, ఇద్దరివీ తప్పులే కాబట్టి ఎవరికీ మొహమాటం లేదు. మొన్న ఆదివారం, జూన్‌లో రమ్మన్నారు. కుదరదు, ఆఫీసులో పని ఉందన్నాను. జూలై అన్నారు. జూలైలో తెనాలి వెళ్తున్నానన్నాను. ఇప్పుడు ఆయనకి కాదని చెప్పడం నాకు ఎంత సులువైపోయిందో చూసుకుని కొంచెం గర్వం, కొంచెం సిగ్గు కలిగాయి. "సరే, అయితే సెప్టెంబరు. నీకు ఏ వారం వీలు?" అని అడిగి, జవాబు కోసం ఆగారు. ఎనభై అయిదేళ్ళాయన సెప్టెంబరు మొత్తం నా ముందు పెట్టి తీరిగ్గా కూర్చున్నారు. ముప్పై ఒకటేళ్ళ నేను ఇవాళ్టికీ కాలెండరు తెరిచి ఖాళీ కోసం వెతుక్కుంటున్నాను. కాలం ఎవరి దగ్గర ఎక్కువ మిగిలి ఉందో వయసుని బట్టి లెక్కేయడం మానేశాను.